పోస్టర్‌లో ఉన్నది ఆయన కాదు

మధురానగర్,
9 నవంబర్ 2025

వదినగారికి,

నమస్కారం అని రాయడం పద్ధతి కాబట్టి రాస్తున్నాను.

ఫిల్మ్‌నగర్‌లో మీ ఇంటికీ, మధురానగర్‌లో మా ఇంటికీ మధ్య ఆటోలో ఇరవై నిమిషాలు. అయినా స్పీడ్ పోస్టులో ఉత్తరం పంపుతున్నానంటే ఎందుకో మీకు తెలుసు. ఫోన్‌లో ఏం మాట్లాడినా మీరు రికార్డు చేస్తారు. దానికి వెనక ఏడుపు సంగీతం కలిపి, తప్పిపోయినవాళ్ళ గురించి మీరు నడిపే ఆ ‘ఆచూకీ’ యూట్యూబ్ ఛానల్లో పెడతారు. మీ నంబరు బ్లాక్ చేశాను. చెప్పాల్సింది ఏమన్నా ఉంటే ఇక కాగితం మీద చెప్పండి.

దసరా సెలవుల్లో మీరే ఫోన్ చేసి, “జగదీశ్ గురించి ఏమన్నా గుర్తొచ్చిందా స్వరూపా?” అని తియ్యగా అడిగారు. బియ్యం ఏరుకుంటూ, “ఆయన ఇగ రాడు వదినా, ఇడిసిపెట్టుండ్రి” అన్నాను. మొగుడి కోసం ఆరున్నరేళ్ళు ఎదురుచూసి విసిగిపోయిన ఏ ఆడదైనా అనే మాటే అది. దాన్ని మీరు మూడుసార్లు తిప్పి తిప్పి వినిపించారు. కింద రెండు వేల కామెంట్లు. ‘రాడని ఈమెకెలా తెలుసు?’ ‘నాలుగు తగిలిస్తే శవం ఎక్కడుందో కక్కుతుంది.’ సాత్విక పదో తరగతికి వచ్చిందని మేనత్తగా మీకు గుర్తుందో లేదో. క్లాసులో పిల్లలు ఆ కామెంట్లు దానికే చదివి వినిపించారు. అదే బడి ఆఫీసులో నేను గుమాస్తాను. నేను అడుగుపెడితే స్టాఫ్‌రూంలో మాటలు ఆగిపోతున్నాయి.

ఆ వీడియో తీసెయ్యండి. మా సందు మొదట్లో కరెంటు స్తంభానికి అంటించిన పోస్టర్ చింపించండి. వచ్చే మార్చి 11కి ఆయన ఇల్లు వదిలి ఏడేళ్ళు నిండుతాయి. ఏడేళ్ళు జాడ తెలియని మనిషిని చనిపోయినట్టు ప్రకటించమని కోర్టును అడగవచ్చట. నేను అడగబోతున్నాను. వకీలుతో మాట్లాడాను కూడా. వేరే ఎవరి నోటనో వింటే దాన్నీ ఒక ఎపిసోడ్ చేస్తారని నేనే చెబుతున్నాను.

నా మాటను మా పెళ్ళిలోనే యాస అని నవ్వారు కదా. అందుకని మీకు నచ్చే తెలుగులోనే రాశాను.

స్వరూప

*

ఫిల్మ్‌నగర్,
16 నవంబర్ 2025

స్వరూపకు,

ఉత్తరం అందింది. నీ తెలుగు బాగానే ఉంది, బుద్ధే బాగాలేదు.

వీడియో తీయను. పోస్టర్ చింపను. నువ్వు చింపితే దాని మీద ఇంకోటి అంటిస్తాను.

ముప్ఫై ఏళ్ళు హీరోయిన్లకు జడలు వేసి బతికినదాన్ని. కెమెరా వెనక దువ్వెన పట్టుకుని నిలబడే హెయిర్ డ్రెసర్ యాభై నాలుగేళ్ళ వయసులో కెమెరా ముందు కూర్చుందంటే సరదా కొద్దీ అనుకున్నావా? జూబ్లీహిల్స్‌లో ఒక నిర్మాతగారి కుక్క గోడ దూకి పోతే నాలుగు ఛానళ్ళు వచ్చాయి, చీకటి పడకముందే కుక్క దొరికింది. నలభై సినిమాల్లో హీరో పక్కన స్నేహితుడిగా నిలబడ్డ నా తమ్ముడు కనిపించకుండా పోతే పేపర్లో లోపలి పేజీలో రెండు వరసలు వేశారు. అందులో పేరు కూడా తప్పే.

వాడొక్కడే కాదని స్టేషన్ చుట్టూ తిరిగాక తెలిసింది. బోరబండలో పాలకని వెళ్ళి తిరిగిరాని తల్లి. కృష్ణానగర్లో రిహార్సల్‌కి బయల్దేరిన గ్రూప్ డాన్సర్ పిల్ల. రహమత్‌నగర్‌లో ఆటోని ఇంటి ముందే వదిలేసి ఎటో నడిచిపోయిన డ్రైవర్. వీళ్ళ పేర్లు నువ్వు విన్నావా? ఎవరూ వినలేదు. ఫైలు కట్టి బీరువాలో పడేస్తే ఆ మనిషి ఉన్నాడా పోయాడా అని అడిగే దిక్కుండదు. అలాంటివాళ్ళను వారానికొకరిని చూపిస్తున్నాను. నలభై ఒక్కమంది అయ్యారు. ముగ్గురు ఇళ్ళకు చేరారు. ఆ మూడిళ్ళల్లోనూ ‘ఇక రాడు’ అన్నవాళ్ళు ఉన్నారు, నీలాగే.

నువ్వన్న మాట నువ్వన్నట్టే వేశాను. నా తరఫున ఒక్క అక్షరం కలపలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం దేనికి?

ఇక కోర్టు సంగతి. బతికున్నవాడికి తద్దినం పెడతానంటావు. నొసటి బొట్టు అంత బరువైపోయిందా? వెయ్యి, దావా వెయ్యి. నేనూ నల్లకోటును పెట్టుకుని అడ్డంగా నిలబడతాను. ఆ పోస్టర్‌లో వాడి ముఖం ఒకసారి సరిగ్గా చూడు. పోర్ట్‌ఫోలియో కోసం ఆ ఫోటో తీయించిన రోజు నేనే దగ్గరుండి ఒక్కొక్క ఉంగరం వేలికి చుట్టి జుట్టు సర్దాను. మారాజులా ఉంటాడు. అలాంటివాణ్ణి లేడు అని రాయడానికి నీకు చెయ్యెలా వస్తుందో చూస్తాను.

సాత్వికను కామెంట్లు చదవొద్దను.

పుష్పవల్లి

*

మధురానగర్,
27 నవంబర్ 2025

వదినగారికి,

మారాజు మాట మీరే ఎత్తారు కాబట్టి నేనూ అనేస్తాను. పోస్టర్‌లో ఉన్నది ఆయన కాదు.

ఆ ఉంగరాల జుట్టు ఆయనది కాదు. మీరు కుట్టిన విగ్గు. ఆయన తల అరచేయిలా నున్నగా ఉంటుందని ఈ హైదరాబాదులో మీకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదనుకుంటాను. కన్నకూతురికి కూడా తెలియనివ్వలేదు. పడుకున్నా ఉన్ని టోపీ తీసేవాడు కాదు. ఎడమ చెంప మీద చిన్నప్పుడు కాలిన మచ్చ ఉండాలి కదా, ఫోటోలో ఏది? మీ కృష్ణానగర్ ఫోటోగ్రాఫర్ తుడిచేశాడు. రంగు కూడా రెండు పూతలు ఎక్కువే వేశాడు. ఆ పోస్టర్ చేత్తో పట్టుకుని ఉండగా ఆయన నా ఎదురుగా వచ్చి నిలబడితే, పదేళ్ళు కాపురం చేసిన నేనే గుర్తుపట్టను. ఇక రోడ్డు మీద పోయేవాళ్ళు ఏం పడతారు?

మీరు వెతుకుతున్నది తమ్ముణ్ణి కాదు. మీ చేతిపనిని వెతుకుతున్నారు. లక్షమంది చూడాలి, ఆహా ఎంత బాగుందో అనుకోవాలి. అందుకే నెలకో పోస్టర్.

నిజంగా మనిషి దొరకాలని ఉంటే బట్టతలతో ఉన్న ఫోటో పెట్టండి. పెట్టరు. నాకు తెలుసు.

స్వరూప

*

ఫిల్మ్‌నగర్,
8 డిసెంబర్ 2025

స్వరూపకు,

ఎంత మాటన్నావే. నీ నోట్లో నాలుకకు బదులు కత్తెర పెట్టి పంపినట్టున్నారు మీవాళ్ళు.

వాడి తల గురించి నీకు పెళ్ళయ్యాక తెలిసింది. నాకు వాడి ఇరవై నాలుగో ఏటి నుంచి తెలుసు. టైఫాయిడ్ వచ్చి తగ్గింది. తగ్గాక దిండు మీద గుప్పెళ్ళకొద్దీ జుట్టు. ఆరు నెలల్లో ఒక్క వెంట్రుక మిగల్లేదు. అప్పటికి వాడు మంచి వేషం ఒకటి ఒప్పుకుని ఉన్నాడు. షూటింగ్‌కి వెళ్తే టోపీ తీయమన్నారు. తీశాడు. యూనిట్ మొత్తం చూస్తుండగా మేనేజర్, “ఈ గుండుగాడు కాలేజీ కుర్రాడేంటయ్యా, పంపించెయ్” అన్నాడు. లైట్‌బాయ్‌ల దగ్గర్నుంచి నవ్వారు. నేనూ అదే సెట్లో ఉన్నాను, హీరోయిన్‌కి జడ అల్లుతూ. చేతిలో పని వదిలి రాలేకపోయాను. ఆ కోపం నాకు ఇప్పటికీ ఉంది, నా మీద నాకే.

ఆ వారమే కూర్చుని మొదటి విగ్గు కుట్టాను. వాడి తలకు కొలిచి, నెట్టు మీద ఒక్కో వెంట్రుకా ముడివేశాను. పెట్టాక అద్దంలో చూసుకుని నా చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. “అక్కా, ఇక నన్ను ఇది లేకుండా ఎవరికీ చూపించకు” అన్నాడు. ఒట్టు వేయించుకున్నాడు. వేశాను. నా ప్రాణం ఉండగా ఆ ఒట్టు తప్పను. వాడు తిరిగొచ్చి, నన్నిలా ఊరందరికీ చూపించావా అక్కా అంటే నేనేం చెప్పాలి?

అయినా నాకొకటి అర్థం కావడంలేదు. మూడు వారాలకోసారి ఆదివారం నా దగ్గరకొచ్చి విగ్గు కడిగించుకుని అంటించుకుపోయేవాడు. వీధి చివర కొట్టుకి కూడా అది లేకుండా వెళ్ళినవాడు కాదు. ఆ రోజు ఎప్పటిలాగే తయారై వెళ్ళాడని పోలీసులకు చెప్పింది నువ్వే. మరి రోడ్డు మీద బట్టతలతో ఎందుకుంటాడు? జనం బట్టతల మనిషిని వెతకాలని నీకెందుకు తోచింది?

దీనికి జవాబు రాయి. మిగతా తిట్లన్నీ తర్వాత రాసుకుందాం.

పుష్పవల్లి

*

మధురానగర్,
20 డిసెంబర్ 2025

వదినగారికి,

మీ ప్రశ్నకు జవాబు చెప్పాల్సిన అవసరం నాకు లేదు. నేను ముద్దాయిని కాను, మీరు జడ్జీ కారు.

మొన్న బడి గేటు దగ్గర మీరు సెల్ఫీ కర్రకు ఫోన్ తగిలించుకుని నిలబడి, నేను బయటకు రాగానే, “ఆ రోజు విగ్గుతో వెళ్ళాడా లేదా, చెప్పి కదులు” అని అరిచారు. మూడొందలమంది పిల్లలు, వాళ్ళ తల్లులు చూశారు. మర్నాడు ప్రిన్సిపాల్ పిలిచి కొన్నాళ్ళు సెలవు పెట్టుకోమన్నారు. చాలా మర్యాదగా అన్నారు. మీకు సంతోషమే కదా?

దావా కాగితాలు ఫిబ్రవరిలో తయారవుతాయి. ఇక మీ ఉత్తరాలు వస్తే విప్పకుండానే తిప్పి పంపుతాను.

స్వరూప

*

ఫిల్మ్‌నగర్,
6 జనవరి 2026

స్వరూపకు,

విప్పుతావని నాకు తెలుసు. అందుకే రాస్తున్నాను.

బడికి రావడం తప్పే. నీ కోసం ఒప్పుకోవడంలేదు. సాత్విక గేటు పక్కనే నిలబడి ఉందని తర్వాత చూశాను. నన్ను చూసి తల తిప్పుకుంది. ఆ వీడియో ఛానల్లో పెట్టలేదు, పెట్టను.

కానీ అడగడం మానను. నువ్వు దేనికైనా నాలుగు పేజీలు తిట్టే మనిషివి. ఈ ఒక్క ప్రశ్నకు మాత్రం చుట్టూ తిరిగి ప్రిన్సిపాల్ సంగతి చెప్పావు. అడిగినదానికి అవుననో కాదనో రాసి ఉంటే నేను నమ్మేదాన్ని. ఇప్పుడు నమ్మను. వాడు నీకు మొగుడు కావచ్చు. మా అమ్మ పోయాక వాడికి అన్నం కలిపి పెట్టింది నేను. వాడు ఎలా వెళ్ళాడో తెలుసుకునే హక్కు నాకుంది.

నీ కూతురి తల మీద చెయ్యి పెట్టి చెప్పు అని అడగను. ఆ పిల్లకి ఇప్పటికే మనిద్దరం చేసింది చాలు. నీకు నువ్వే చెప్పుకో. చెప్పుకున్నాక నాకు రాయి.

పుష్పవల్లి

*

మధురానగర్,
14 ఫిబ్రవరి 2026

వదినా,

ఈ ఉత్తరం మీ తెలుగుల రాయ చేతనైతలేదు. నా మాటలనే రాస్తున్న.

నిన్న వకీలు కాగితాలు చదివి వినిపించిండు. కోర్టుల ప్రమాణం మీద ఇయ్యాల్సిన కాగితమంట. ‘ఇల్లు విడిచిన నాడు నా భర్త తెల్ల చొక్కా, నీలం ప్యాంటు ధరించి, ఎప్పటివలె తయారై వెళ్ళినాడు. ఒత్తైన ఉంగరాల జుట్టు’ అని ఉంది. పోలీసులకు నేను చెప్పిందే తీసి రాసిండు. కింద సంతకం పెట్టమని పెన్ను చేతికిచ్చిండు. నాతోని కాలె. ఫోన్ మాట్లాడొస్తనని చెప్పి మెట్లు దిగి సీదా ఇంటికొచ్చిన.

ఆయన ఆ దినం విగ్గు పెట్టుకొని పోలే.

రెండు దినాల సంది సాత్వికకు జరం. డాక్టర్ తొమ్మిదింటికి రమ్మన్నడు. ఆయనకు పదింటికి షూటింగ్. “జర పోరిని ఎత్తుకో, నేను ఆటో పిలుస్త” అన్న. అద్దం ముంగట కూసొని గమ్ము రాసుకుంటనే ఉన్నడు. “ఐదు నిమిషాలు స్వరూపా, అంచు కనబడుతోంది” అన్నడు. మళ్ళ ఐదు నిమిషాలన్నడు. పిల్ల ఒళ్ళు కాలిపోతుంటే ఈయనకు విగ్గు అంచు! నాకు ఏం పుట్టిందో తెల్వదు. ఎనకనుంచి పోయి గుంజిన. బట్టలు నానబెట్టిన బకెట్ల, సర్ఫు నీళ్ళల్ల ఏసి కాలుతోని తొక్కిన.

గమ్ము ఊడొచ్చిన కాడ ఆయన తల ఎర్రగయింది. సాత్విక మంచం మీది నుంచి చూసింది. ఎనిమిదేండ్ల పిల్ల, ఎన్నడు చూడలే కద. జరంల గూడ కిలకిల నవ్వింది. దాన్ని చూసి నాకు గూడ నవ్వొచ్చింది. అది దాచను. నేను గూడ నవ్విన.

ఆయన టవల్ తల మీద కప్పుకొని, చెప్పులేసుకొని పోయిండు. మీ కాడికే పోయిండనుకున్న. ఇంకొక విగ్గు ఉంటది కద, పెట్టుకొని అటే షూటింగ్ పోతడనుకున్న. పొద్దుగూకేదాంక అట్లనే అనుకున్న.

తెల్లారి ఠాణాకు వస్తే, నాకంటే ముందుగాల మీరు ఆ ఫోటో ఎస్సై చేతుల పెట్టిర్రు. ఆయన నన్ను “జుట్టు ఎట్లుంటది?” అని అడిగిండు. మీరు నా దిక్కు చూసిర్రు. “ఫోటోల ఉన్నట్టే” అన్న. విగ్గు లేకుండ పోయిండంటే ఎట్ల పోయిండు, ఎందుకు పోయిండు అని అడుగుతరు. ఆ భయానికే అన్న. ఆ ఒక్క మాట మళ్ళ వెనక్కి తీసుకోవస్తదనుకున్న. తెల్లారినప్పుడల్ల రేపు చెప్దామనుకున్న. అట్ల ఏడేండ్లు అయింది. మీ పోస్టర్ల ఆ జుట్టు కనబడ్డప్పుడల్ల రోడ్డు దాటి అటు దిక్కు నుంచి పోతుంటి. అందుకే చింపమన్న.

ఫోటో ఒకటి పెడుతున్న. ఆయన పోయిన దానికి ముందటేడు ఎండకాలం, కరెంటు పోయి, టోపీ జారిపోయి పండుకుంటే దొంగతనంగ తీసిన. మచ్చ గూడ కనబడుతది. ఏం చేసుకుంటరో చేసుకోండ్రి. ఈ ఉత్తరం గూడ ఛానల్ల చదువుండ్రి. ఈసారి మొత్తం చదువుండ్రి, ఒక్క ముక్క కాదు.

స్వరూప

*

ఫిల్మ్‌నగర్,
19 ఫిబ్రవరి 2026

స్వరూపా,

నువ్వు ఎదురుగా ఉంటే చెంప పగలగొట్టి ఉండేదాన్ని. ఏడేళ్ళు! ఎన్ని స్టేషన్లు, ఎన్ని ఆసుపత్రులు, ఎన్ని బస్టాండ్లు తిరిగానో నీకు తెలుసు. తెలిసి కూడా అన్నం ఎలా తిన్నావే? నిద్రెలా పట్టింది నీకు? నిన్న ఉదయం నుంచి నిన్ను తిట్టని తిట్టు లేదు. గోడల్ని తిట్టాను, గిన్నెల్ని తిట్టాను.

తిట్టీ తిట్టీ నోరు పడిపోయాక గుర్తొచ్చింది. ఎస్సై అడిగినప్పుడు నేనూ అక్కడే ఉన్నాను కదా. ‘ఇది విగ్గండీ, తీసేస్తే ఇలా ఉంటాడు’ అని నేనెందుకు అనలేదు? ఒట్టు. మనిషి కనిపించకుండా పోతే నేను ఒట్టు కాపాడుకున్నాను. నువ్వు భయంతో దాచావు, నేను గొప్పకు దాచాను. ఏది పెద్ద తప్పో తేల్చడానికి నాకిప్పుడు తీరిక లేదు.

ఈ పొద్దున ఆ ఫోటో ఛానల్లో పెట్టాను. పేరు కింద ‘బట్టతల, ఎడమ చెంప మీద కాలిన మచ్చ’ అని రాయడానికి గంట పట్టింది. నీ ఉత్తరం సంగతి ఎవరికీ చెప్పలేదు. నీ మీద జాలి ఏమీ లేదు, సాత్విక ముఖం చూసి ఊరుకున్నాను. నీ ఫోన్ మాటలున్న ఆ పాత వీడియో తీసేశాను.

పుష్పవల్లి

*

ఫిల్మ్‌నగర్,
25 ఫిబ్రవరి 2026

స్వరూపా,

దొరికాడు. ప్రాణాలతో ఉన్నాడు. ముందు ఇది చదివి కాసేపు కూర్చో, తర్వాత మిగతాది చదువు.

ఫోటో పెట్టిన ఐదో రోజు ఫోన్ వచ్చింది. మోతీనగర్ దాటాక లోపలి సందులో, ఎవరూ లేనివాళ్ళను చూసుకునే ఆశ్రమం ఉంది. అక్కడ పనిచేసే వీరభద్రం అనే ఆయన. “అమ్మా, ఫోటోల ఉన్నాయన మా గుండన్న లెక్కనే ఉన్నడు. చెంప మీద మచ్చ గూడ ఉంది. జర వచ్చి చూడుండ్రి” అన్నాడు. ఆటో ఎక్కేసరికి నా చెప్పులు రెండూ రెండు రకాలు.

ఆ రోజే ఎర్రగడ్డ వైపు రోడ్డు మీద ఏదో బండి గుద్ది పోయిందట. ఎవరో ఆసుపత్రిలో చేర్చారు. మూడు వారాలకు కళ్ళు తెరిచాడు. మాట పోయింది, పేరు పోయింది, కుడికాలు ఈడుస్తాడు. ఆసుపత్రివాళ్ళు పోలీసులకు చెప్పారు, పోలీసులు తప్పిపోయినవాళ్ళ జాబితా చూశారు. బట్టతల మనిషి కనిపించడంలేదని ఎవరూ ఫిర్యాదు ఇచ్చి లేరు. ఆశ్రమానికి పంపేశారు.

ఇంకోటి కూడా చెబుతాను, దాచడం ఇక నా వల్ల కాదు. మూడేళ్ళ క్రితం నేను అక్కడికి వెళ్ళాను. గేటు దగ్గర ఇదే వీరభద్రానికి పోస్టర్ చూపించాను. “ఇట్ల ఉంగరాల జుట్టాయన మా తాన లేడమ్మా. అయినా లోపటికొచ్చి చూసుకోండ్రి” అన్నాడు. నేనే వద్దన్నాను. అలాంటివాడు లేడంటున్నారు కదా, ఇంకా మూడు చోట్లకు వెళ్ళాలి కదా అనుకున్నాను. నా చేత్తో గేటుకి పోస్టర్ అంటించి వచ్చాను. లోపల వరండాలో వాడు కూర్చుని ఉన్నాడు.

నిన్న వెళ్ళేసరికి పళ్ళెంలో బఠాణీలు ఒలుస్తున్నాడు. బాగా సన్నబడ్డాడు. గడ్డం నెరిసింది. “జగదీశూ” అని పిలిచాను. తల ఎత్తి చూశాడు. నన్ను ఎవరనుకున్నాడో తెలియదు. కానీ చేతిలో పళ్ళెం వదిలేసి, రెండు చేతులతో గబగబా తల కప్పుకున్నాడు. బఠాణీలన్నీ నేలపాలయ్యాయి. “ఎవలొచ్చినా గిట్ల చెయ్యడమ్మా, గిదేంది ఇయాల?” అని వీరభద్రం ఆశ్చర్యపోయాడు.

నన్ను చూసే చేశాడు స్వరూపా. వాడి పేరు వాడికి గుర్తులేదు. అక్క కనిపిస్తే తల దాచుకోవాలన్నది మాత్రం ఎక్కడో మిగిలింది. వాడికి నేను నేర్పింది అదే. నువ్వు ఒక్క పూట నవ్వావు. నేను పద్దెనిమిదేళ్ళు వాణ్ణి సిగ్గుపడేలా చేశాను.

నువ్వు వెళ్ళు. భార్య సంతకం ఉంటేనే ఇంటికి పంపుతారట. నేను మళ్ళీ వెళ్ళలేను. వెళ్తే వాడు మళ్ళీ చేతులు ఎత్తుతాడు, అది చూసే ఓపిక నాకు లేదు.

నలభై ఒక్క ఇళ్ళకూ ఫోన్లు చేస్తున్నాను. పెళ్ళి ఫోటో వద్దు, స్టూడియో ఫోటో వద్దు, ఇంట్లో మామూలుగా ఎలా ఉండేవాళ్ళో ఆ ఫోటో ఇవ్వండి అని అడుగుతున్నాను. బోరబండ తల్లి పళ్ళు కట్టుడువని, ఆ రోజు అవి ఇంట్లోనే ఉండిపోయాయని కొడుకు ఇప్పుడు చెప్పాడు. ఇన్నాళ్ళూ ఆమె పళ్ళు కనిపించేలా నవ్వుతున్న ఫోటోనే నేను చూపిస్తూ వచ్చాను.

పుష్పవల్లి

*

మధురానగర్,
5 మార్చి 2026

వదినా,

పోయినం. సాత్విక, నేను.

నన్ను చూసి తల కప్పుకోలే. గుర్తే పట్టలే. అది మంచిదో చెడ్డదో నాకు సమజ్ కాలే. సాత్విక ఇంటికాడి నుంచి పెరుగన్నం తీసుకపోయింది. తినిపిస్తే బుద్ధిమంతుని లెక్క తిన్నడు, అది గూడ రెండు ముద్దలు తిన్నది. అది, “నాన్నా, నేను నవ్విన కద అందుకే పోయినవా?” అని అడిగింది. ఏడేండ్లు అది గూడ మనసుల పెట్టుకొని ఉందని నాకు తెల్వదు. మనిద్దరం కొట్లాడుకుంటుంటే పిల్లను అడిగినోళ్ళే లేరు. ఆయన దాని మూతికి అంటిన మెతుకు తుడిచిండు. అంతే. దానికి అది చాలింది.

ఇంటికి తోలుకరావాల్నంటే కాగితాలు నింపాలె, ఇప్పటి ఫోటో పెట్టాలె. వీరభద్రం ఫోన్ ఎత్తంగనే ఆయన చేతులు తల మీదికి పోయినయి. మీరు చెప్పింది నిజమే. నన్ను చూసి చెయ్యలే గని ఫోన్ చూసి చేసిండు. నేను పక్కన కూసొని ఆయన రెండు చేతులు పట్టుకొని కిందికి దించిన. గుంజుకున్నడు. నేను ఇడువలే. “మంచిగున్నవ్, గిట్లనే మంచిగున్నవ్” అనుకుంట పట్టుకున్న. పెండ్లయిన కొత్తల అనాల్సిన మాట అది. అప్పుడు నా నోట రాలే. ఫోటోల ఆయన చేతుల మీద నా చేతులు గూడ పడ్డయి. ఒక కాపీ మీకు పంపుతున్న. మీ ఛానల్ల దొరికిండని పెట్టుండ్రి. తల కత్తిరించకుండ్రి, చేతులు గూడ కత్తిరించకుండ్రి.

వకీలుకు కాగితాలు అక్కర్లేదని చెప్పిన.

నేను మిమ్మల్ని మాఫ్ చెయ్యలే. బడి గేటు కాడ మీరు చేసింది నేను సచ్చేదాంక మరువ. మీరు గూడ నన్ను మాఫ్ చెయ్యకుండ్రి, నాకు అక్కర్లేదు. గని మళ్ళ పోలేనంటరేంది? ఆయన చేతులు ఎత్తితే ఎత్తనీ. పదిసార్లు ఎత్తుతడు, పదకొండోసారి దించుతడు. మీరు రాకుంటే దించేది ఎప్పుడు?

ఆదివారం పొద్దుగాల పదింటికి ఆటో మాట్లాడిన. కుడికాలు లేవది, ఇద్దరు చెరొక దిక్కు పట్టుకుంటే గని ఎక్కలేడు. సాత్విక బక్కది, ఆయన బరువు ఆపలేదు. జర ముందుగాలనే ఆశ్రమం కాడికి రండి. ఎడమ దిక్కు నేను పట్టుకుంట. కుడి దిక్కు మీరు పట్టుకోవాలె.

స్వరూప